పెరటి కుళాయి

"అమ్మాయ్, లేవండే! పెన్న వచ్చింది!"

గత సంవత్సరము కార్తికమాసములో నొకనాటి తెల్లవారుజామున నాలుగు గంటలకు మా యత్తగారు మంచము దిగి నేలపై పాదము మోపి వేసిన కేక యిది. వారికి ఎనుబదియాఱేండ్లు. చూపు కొంత తగ్గినది గాని భయపడవలసినదానికి భయపడుట మఱవలేదు. మాది నెల్లూరు నుండి మైపాడు పోవు ప్రాంతమున, సముద్రమునకు సమీపమున, ఒక యిసుకదిబ్బ మీద కట్టిన మిద్దె. 2015 నవంబరు వానలను వారు చూచిరి. 2021 నవంబరులో సోమశిల జలాశయము నుండి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలబడి, పెన్న పొంగి, కోవూరు ప్రాంతము జలమయమై, పడుగుపాడు వద్ద రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయిన వార్తను వారు రేయింబవళ్లు వినుచు కూర్చుండిరి. ఆ రెండు మారులును మా దిబ్బ తడిసెను గాని మా గడప తడియలేదు. కావున మూడవ మారు వచ్చిన నీరును పెన్నయే యని వారు తలంచుటలో తప్పులేదు.

నేను లేచి దీపము వేసితిని. నడిమింట బొటనవ్రేలు మునుగునంత నీరున్నది. మావారి చెప్పులు గుమ్మము వైపు ప్రయాణమై పోవుచున్నవి. బయట చూడగా వాకిలి పొడిగానున్నది, ఆకాశమున నక్షత్రములున్నవి. వచ్చినది పెన్న కాదు, మా యింటి నీరే. పుస్తకముల గది గోడ నడుమ సున్నము పెచ్చు విడిపోయి, అచ్చటి నుండి నీరు బుగ్గవలె చిమ్ముచున్నది.

చదువరులారా, ఆ తరువాతి యొక గంటసేపు మేము ముగ్గురము విద్యావంతులము చేసిన పని చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. మావారు బ్యాంకులో ముప్పదియైదేండ్లు పనిచేసి, ఏ తాళపుచెవి యెవరి వద్ద నుండవలెనో యెఱిగినవారు. మా అబ్బాయి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి, సెలవునకు వచ్చియుండెను. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించితిని. నీరు నాపు మర యెచ్చటనున్నదో ముగ్గురిలో నొక్కరికిని తెలియదు. మావారు స్నానాలగది కుళాయిలన్నియు గట్టిగా బిగించి వచ్చిరి. అవి యంతకుముందే బిగింపబడి యున్నవి. అబ్బాయి సెల్లుఫోను దీపముతో గోడలన్నియు పరీక్షించి, ఇంటి నక్ష యేదైన నున్నదా యని యడిగెను. ఇంటి నక్ష మా మామగారితో పోయినది. నేను దుప్పట్లు చుట్టి గోడ నోరు మూయబోతిని.

ఇంతలో పెరటిలో మోటారు తనంతట తాను మ్రోగుట ప్రారంభించెను. మిద్దె మీది తొట్టిలో నీరు తగ్గినచో మోటారు తానే తిరుగునట్లును, నిండినచో తానే యాగునట్లును ఏర్పాటు కలదు. దానిని బిగించిననాడు, ఇక నీటి చింత లేదని సంతోషించితిమి. ఆ రాత్రి యది మాకు చేసిన సేవ యేమనగా, గోడలోనికి కాఱి ఖాళీయైన తొట్టిని మరల మరల నింపుట! మావారు పోయి మోటారు నాపునప్పటికి తొట్టి మరల నిండియేయున్నది.

మా యత్తగారు మంచముమీద కాళ్లు ముడుచుకొని కూర్చుండి యిదంతయు చూచి, "ఐదు గంటలకు అది వస్తుంది గదా. దాన్ని అడగండి" అనిరి.

"అది" యనగా మా యింట పనిచేయునామె. ఆమె పేరు నేనిచ్చట వ్రాయను. నాకన్న రెండేండ్లు పెద్దది. అయినను ఆమె నన్ను "మీ" రనును, నేనామెను "నీ" వందును. మా యత్తగారు "అది" యందురు. ఇందులో నెవరికిని ముప్పదియేండ్లుగా వింత తోచలేదు.

అయిదు గంటలకు ఆమె వాకిలి చిమ్ముటకు వచ్చెను. లోపలి కలకలము విని, చీపురు గోడకానించి, గుమ్మము వద్దనే నిలిచి, ఒక్క చూపు చూచి, మొదట నన్నది నీటిని గూర్చి కాదు. "ముందు కరెంటు కట్టేయండమ్మా! ఆ గోడలోనే గదా తీగలుండేది!" అనెను. మా ముగ్గురికి నొక్కసారిగా ఒడలు జలదరించెను. గంటసేపు మేము తడికాళ్లతో తడిగోడను తడవుచు తిరిగితిమి. నీరు చిమ్ముచోటికి జానెడు దూరమున విద్యుత్తు మీటల పలక యున్నది. మావారు మెయిను కట్టివేసిరి. ఆమె చీకటిలో వెలుపలి మెట్లెక్కి మిద్దె మీదికి పోయి, తొట్టి వెనుకకు దూరి, అచ్చట వరుసగానున్న మూడు మరలలో మూడవదానిని రాతితో తట్టి వదులుచేసి త్రిప్పెను. గోడలోని బుగ్గ నిట్టూర్చినట్లు చప్పుడు చేసి యాగిపోయెను. నెలకొకమారు తొట్టి కడుగునది ఆమెయే. ఆ మరలను ముట్టిన చెయ్యి ఆ యింట మఱియొకటి లేదు.

"మూడోదని నీకెట్ల తెలుసు?" అని యడిగితిని.

"అది నా కుళాయిది గదమ్మా" అనెను.

ఆ మాట నప్పుడు నేను సరిగా వినలేదు. పుస్తకములమీదనే నా మనస్సున్నది.

గోడకానుకొనియున్న బీరువా క్రింది రెండు వరుసలు తడిసిపోయినవి. అందు మా మామగారి తల్లి బైండు చేయించి దాచిన పత్రికలున్నవి: 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన "భారతి" కొన్ని సంపుటములు, 1928లో మద్రాసున డాక్టరు కె. ఎన్. కేసరిగారు ప్రారంభించిన "గృహలక్ష్మి" కొన్ని సంపుటములు. ఆ ముసలమ్మ ప్రతి సంపుటము మొదటి పుటలోను పెన్సిలుతో తన పేరు వ్రాసికొనెను. బడికి పోని మనిషి. ఇంటిలోనే అక్షరములు నేర్చినది. తడిసిన కాగితములు ఉబ్బి, బైండుల వీపులు పగిలి, ఒక్కొక్క పుస్తకము ఊరిన పప్పువలె నున్నది.

ఎండలో వేయుదమని మావారనిరి. వలదని నేనంటిని. ఈ విషయమున నాకు కొంచెము చదువు పనికివచ్చెను. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లారెన్సు నగరపు జాతీయ గ్రంథాలయమును ముంచినప్పుడు లక్షలకొలది గ్రంథములు బురదపాలయ్యెను. దేశదేశముల యువకులు వరుసకట్టి నిలిచి, చేతినుండి చేతికి ఆ పుస్తకములను పైకి చేర్చిరి. జనులు వారిని బురద దేవదూతలనిరి. తడిసిన గ్రంథమును రక్షించు విద్యలో నేడు మనకు తెలిసినదానిలో చాల భాగము ఆ విపత్తు నేర్పిన పాఠమే. ఎండ కాగితమును వంకరపుచ్చును. ఉక్కపోత బూజు పుట్టించును. రెండు దినములు దాటకమున్నే పుటల నడుమ పొడికాగితము పెట్టి, మార్చుచు, గాలికి నిలువుగా నుంచవలెను. చేయి చాలనివానిని గడ్డకట్టించి దాచినచో బూజు ఆగును, తరువాత తీరికగా ఆరబెట్టుకొనవచ్చును. కావున మా యింటి ఫ్రిజ్జులో ఇడ్లీపిండి గిన్నె వెలికివచ్చి, "గృహలక్ష్మి" సంపుటములు మూడు లోనికి పోయినవి. మా యత్తగారు ఆ వారమంతయు ఫ్రిజ్జు తలుపు తీసినప్పుడెల్ల, "మా అత్తకు చలిగా ఉంటుందేమో" అనుచుండిరి. మొత్తముమీద పదునొకండు సంపుటములలో ఏడు దక్కినవి. నున్నని కాగితముపై చిత్రములున్న పుటలు మాత్రము ఒకదానికొకటి అతుక్కొని రాయివలె నయ్యెను.

మఱునాడు ప్లంబరు వచ్చెను. ఇరువదినాలుగేండ్ల కుఱ్ఱవాడు. గోడ పగులగొట్టి, జానెడు గొట్టమును కోసి తీసి నా చేతిలో పెట్టెను. జింకుపూత గల యినుపగొట్టము. వెలుపల చూచిన గొట్టమే గాని, లోపల తుప్పు పొరలు పొరలుగా పేరుకొని చిటికెనవ్రేలు దూఱు సందుకూడ లేదు. ఒక ప్రక్క నిలువున చీలినది. ఇనుమునకు పూసిన జింకు, ఇనుము బదులు తాను ముందుగా కరగి, ఇనుమును కాపాడును. ఉప్పునీరు తగిలినచో నది త్వరగా కరగిపోవును. తరువాత నినుము వంతు. తుప్పు తనకు జన్మనిచ్చిన యినుముకన్న రెండింతలకు మించిన చోటు కోరును. గోడలో బిగియించిన గొట్టమునకు చోటెక్కడ? కావున అది తనచుట్టునున్న సిమెంటును చీల్చును.

మఱి మా బోరునీటికి ఉప్పెట్లు వచ్చెను? ఇచ్చట కొంత ఆగి చెప్పవలెను. సముద్రతీరపు టిసుకలో వాననీరు ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిమీద తేలుచు నిలుచును. ఏలనన మంచినీరు తేలిక. పందొమ్మిదవ శతాబ్దాంతమున హాలండు దేశీయుడైన గైబెనును, 1901లో జర్మను దేశీయుడైన హెర్జ్‌బెర్గును దీని లెక్క కట్టిరి: మంచినీటి మట్టము సముద్రమట్టమునకు ఒక అడుగు పైన నున్నచో, దాని దిగువ సుమారు 40 అడుగుల మందమున మంచినీరుండును. కావుననే దిబ్బమీది బావులు తియ్యన, పల్లపు బావులు ఉప్పన. ఈ లెక్కకు రెండవ ప్రక్కయు కలదు. పైమట్టమున నొక అడుగు తోడివేసిన క్రింద నలువది అడుగులు ఉప్పు పాలగును. 1980ల చివరనుండి మా తీరమున రొయ్యల గుంటలు పెరిగినవి. వానివలన ధనము వచ్చెను, పలువుర పిల్లలు చదువుకొనిరి, నేను కాదనను. కాని గుంటలకు తెచ్చి నింపిన ఉప్పునీరు ప్రక్కపొలములకును బావులకును దిగెను. తమిళనాటి గాంధేయవాది జగన్నాథన్‌గారు వేసిన వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పుచు ఈ హానిని విస్తారముగా పేర్కొని, తీరపు నియంత్రణమండలములోని గుంటలను తొలగింపుమని ఆజ్ఞాపించెను. 2005లో పార్లమెంటు వేఱు చట్టము చేసి, అనుమతిపై సాగుటకు దారి యిచ్చెను. గుంటలు నేటికిని కలవు. మా దిబ్బమీది నీరు ఇంకను పప్పుడుకు నీరే; కాని మా యత్తగారి నాలుక దాని రుచి మాఱినదని ఇరువదియేండ్లుగా చెప్పుచునే యున్నది. ఆ గొట్టమును చూచిన తరువాత నమ్మితిని.

ప్లంబరు గొట్టము పోవు దారి వెంబడి గోడను త్రవ్వుచు పోయెను. వంటయింటికి వేఱుగొట్టము, స్నానాలగదికి వేఱుగొట్టము కలవు. అవి రెండును క్షేమముగా నున్నవి. పగిలిన గొట్టము తొట్టినుండి దిగి, పుస్తకముల గది గోడలో పొడుగునను సాగి, పూజగదిని చుట్టి, పెరటిలోనికి పోయినది. "ఇంత చుట్టు తిప్పి ఎందుకు తీసుకుపోయారమ్మా? వంటింటి కుళాయి నుంచి గోడ తొలిస్తే నాలుగడుగులే గదా!" అని అతడు నన్నడిగెను. నాకు తెలియదు. మా యత్తగారు లోపలినుండి సమాధానము చెప్పిరి: "వంటింటి నీళ్లూ దాని నీళ్లూ ఒకే గొట్టంలో ఎట్ల పోతాయిరా?"

ప్లంబరు సుత్తి యాపి, నన్ను చూచి, మరల సుత్తి యెత్తెను. అతడే వీథినుండి వచ్చెనో నేనడుగలేదు.

మా మామగారిని గూర్చి ఇచ్చట అన్యాయముగా మాటలాడరాదు. వారు ప్రధానోపాధ్యాయులు. 1921 ఏప్రిల్ 7న మహాత్ముడు ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమమునకు శిష్యులను నడిపించుకొనిపోయి చూపెడివారు. సహపంక్తి భోజనములలో కూర్చుండిరి. అందులకు బంధువులు కొందఱు వారి యింట భోజనము మానిరి. అస్పృశ్యతను రాజ్యాంగము 1950లో రద్దుచేసెను. 1955లో దానిని నేరముగా జేయు చట్టము వచ్చెను. అయినను ఆ చట్టము మా పెరటి బావిగట్టు వఱకు వచ్చి, చేదను ముట్టక నిలిచిపోయెను. మా పనియామె తల్లి ఆనాడు బావివద్ద బిందె పెట్టి, ఎవరైన తోడి పోయువఱకు ఎండలో నిలువబడుచుండెడిదట. 1984లో మిద్దె కట్టి, బోరు వేసి, తొట్టి పెట్టించినప్పుడు, ఆమె యట్లు నిలువబడకుండుటకై మామగారు పెరటిలో ప్రత్యేకముగా నొక కుళాయి పెట్టించిరి. అత్తగారు దాని గొట్టము వేఱుగా నుండవలెనని పట్టుపట్టిరి. ఇరువురును తమ తమ మాట నెగ్గినదని సంతోషించిరి. ఆనాటికది సంస్కారమే. ఎవరి దయకును వేచియుండకయే ఆమె తల్లి నీరు పట్టుకొనెను.

నేనో? 1927 మార్చి 20న మహాడులో అంబేద్కరుగారు వేలాది జనముతో నడచిపోయి చౌదారు చెరువు నీటిని దోసిలితో త్రాగిన పాఠమును ఏటేట పిల్లలకు చెప్పితిని. చెప్పునప్పుడు నా గొంతు గద్గదమయ్యెడిది కూడ. సాయంకాలము ఇంటికి వచ్చి, పెరటి కుళాయి గట్టుమీద బోరగిల పెట్టియున్న గిన్నెను, గ్లాసును చూచి, అవి యచ్చట నేల యున్నవని ముప్పదియేండ్లలో నొక్కమారును నన్ను నేనడుగుకొనలేదు. అది ఆమెకు సౌకర్యమని యనుకొంటిని.

ఆ దినమున నాకు వచ్చిన యావేశము నిప్పుడు తలంచుకొన్న నవ్వు వచ్చును. ప్లంబరును పిలిచి, "ఆ గొట్టానికి శాశ్వతంగా బిరడా వేసెయ్యి. పెరటి కుళాయి ఇక అక్కరలేదు" అని యాజ్ఞాపించితిని. ఆమెతో, "ఇకనుంచి నువ్వు లోపలికే రా. వంటింట్లోనే గిన్నెలు తోము, అక్కడే నీళ్లు తాగు" అంటిని. మా యత్తగారు ముఖము గోడవైపు త్రిప్పుకొనిరి. మావారు నన్ను మెచ్చుకొనిరి. ఆమె "అట్నేలెండమ్మా" అని, తన గిన్నెను, గ్లాసును కొంగుతో తుడిచి, సంచిలో వేసికొని పోయెను. నేనొక పెద్ద కార్యము చేసినట్లు ఆ రాత్రి హాయిగా నిద్రపోతిని.

పండ్రెండు దినములు గడచెను. ఆమె ప్రతిదినమును లోపలికి వచ్చి పనిచేసి పోవుచుండెను. ఏదో యొక లోటు నాకు కనబడుచునే యున్నది గాని యేమో తెలియదు. ఒక సాయంకాలము వాకిట కూర్చుండియుండగా స్ఫురించెను: బిందెలు లేవు. ఆమె ప్రతిసాయంకాలమును తలపై నొకటి, చంక నొకటి, రెండు బిందెల నీరు మా పెరటినుండి తీసికొనిపోవుట ముప్పదియేండ్లుగా నా కన్నులకు అలవాటైన దృశ్యము. అలవాటగుటచేతనే, అది పోయినప్పుడు చూడలేదు.

మఱునాడు నేను ఆమె యింటికి పోతిని. మా యింటికి అరమైలు లేదు. అదియే మొదటిసారి. దిబ్బ దిగి, రొయ్యల గుంటల గట్టు దాటి, పల్లములో నున్నది ఆ వీథి. వీథి మొదట కుళాయి యున్నది. దినము విడిచి దినము అరగంట నీరు వచ్చును. వచ్చిన నీటితో పప్పుడుకదు. ఇంటింటికి కుళాయి పెట్టి తలకు దినమునకు 55 లీటర్ల నీరిచ్చుటకు 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన పథకము గడువు 2024. అది 2028కి పొడిగింపబడినది. ఆమె యింటిముందును ఒక నీలపు గొట్టము నేలనుండి లేచి, తలలేక నిలిచియున్నది. లోపల నలుగురు. మూలను ఇరువది రూపాయల నీటి డబ్బా యున్నది.

"నీళ్లకు రావడం మానేశావేం?" అని యడిగితిని.

ఆమె నాకు కుర్చీ వేసి, తాను గుమ్మము వద్ద కూర్చుండెను. "నన్ను లోపలికి రమ్మన్నారు గదమ్మా. బిందెను రమ్మన్లేదు గదా" అనెను. నవ్వుచునే యన్నది.

నేను బిందెను కూడ తెచ్చుకొమ్మంటిని. వంటయింటి కుళాయి క్రిందనే పట్టుకొమ్మంటిని. ఆమె కొంతసేపు మాటలాడక, తరువాత నిట్లు చెప్పెను. "లోపలికి రమ్మంటే వస్తానమ్మా, రాకేం. కుళాయి మాత్రం బయటే ఉండనీండి. బయటైతే నాలుగ్గంటలకైనా వస్తా, రాత్రికైనా వస్తా, బిందె పట్టుకుంటా, పోతా. మీరు లేచారా, పెద్దమ్మ ఏమనుకుంటాదా అని చూడబళ్లేదు. లోపలి కుళాయైతే మీరు తలుపు తీసేదాకా నిలబడాల. మాయమ్మ నిలబడిందిలే, చాలు."

అందులకు నావద్ద సమాధానము లేదు. నేను మూయించిన గొట్టము నా పశ్చాత్తాపమునకు గుర్తు. ఆమెకది పండ్రెండు దినములు డబ్బానీరు. ఆమెనడుగవలెనన్న తలంపు నాకు పుట్టనేలేదు. మా యత్తగారు గొట్టము వేఱుగా వేయించినప్పుడును ఆమె తల్లి నెవరడిగిరి?

ఇంటికి వచ్చుచు లెక్క కట్టితిని. లెక్కలు నా విషయము కావు. అయినను ఆ దినమున మానలేకపోతిని. గొట్టము పగిలిన రాత్రి పండ్రెండింటి వఱకు అబ్బాయి ఆ గదిలోనే మేలుకొనియున్నాడు. అప్పటికి నేల పొడియే. పండ్రెండునుండి అయిదు వఱకు మున్నూఱు నిమిషములు. నిమిషమునకు ఒక బిందె చొప్పున కాఱినదని ప్లంబరు అంచనా. బిందె పదునైదు లీటర్లన్నచో నాలుగువేల అయిదువందల లీటర్లు. ఆమె దినమునకు తీసికొనిపోవునది ముప్పది లీటర్లు. ఆ యొక్క రాత్రి మా పుస్తకములమీదను, చెప్పులక్రిందను పాఱిన నీరు ఆమె యింట నలుగురికి అయిదు నెలలు వచ్చును.

పెరటి కుళాయి మరల వచ్చెను. ఈ మారు గొట్టము ప్లాస్టికుది, ఉప్పు దానినేమియు చేయదు. గోడలో దాచక వెలుపలనే బిగింపించితిమి, పగిలినచో కనబడును. వంటయింటి గొట్టమునుండియే దానిని తీయుమంటిని. నాలుగడుగులతో పని తీఱెను. మా యత్తగారు మూడు దినములు వంటయింటి నీరు త్రాగక, నాలుగవనాడు దప్పికయై త్రాగిరి. బీరువా ప్రక్కనుండి గిన్నెలు తోముటకు ఆమె లోపలికి వచ్చునప్పుడు వారు ముఖము త్రిప్పుకొనుచునే యున్నారు. అయినను మొన్న కాలు బెణికినప్పుడు నూనె రాయుటకు "దాన్ని పిలువు" అనక "దాన్ని పిలువమ్మా" అనిరి. ఎవరికా గౌరవమో నాకు తెలియలేదు. మిద్దె మీది మరలపై నేను ఎఱ్ఱరంగుతో పేర్లు వ్రాసి, మావారిచేతను, అబ్బాయిచేతను ఒక్కొక్కదానిని త్రిప్పించితిని. మూడవది ఇప్పుడు ఖాళీగా నున్నది. వీథి కుళాయిని గూర్చి అర్జీ వ్రాసి, ఆ వీథివారి సంతకములతో పాటు మా సంతకములును చేర్చి పంపితిమి. రెండుమారులు పోయి యడిగితిమి. నీలపు గొట్టమునకు ఇంకను తల రాలేదు.

ఇక మిగిలినది గోడ. సంక్రాంతికి మా ఆడుబిడ్డ కూతురు పెండ్లిచూపులు మా యింట జరుగవలసియుండగా, గోడకు రంగు వేయింతమని మావారు తొందరపడిరి. బేల్దారి మేస్త్రీ చేయిపెట్టి చూచి, వలదనెను. ఇటుకలో దిగిన నీరు త్వరగా పోదు. లోని ఉప్పును కరగించి తనవెంట పైకి తెచ్చి, తాను ఆవిరియై పోవుచు, ఉప్పును గోడమీద విడిచిపోవును. పైన రంగు వేసినచో నది రంగును పొక్కులుగా లేపి రాల్చును. చీపురుతో పొడిగా దులుపుచుండవలెనే గాని తడిగుడ్డతో తుడువరాదు. తుడిచినచో ఉప్పు మరల లోనికి దిగును. ఒక క్యాలెండరు తగిలింతమని మావారనిరి. క్యాలెండరుకన్న మచ్చ పెద్దది. పెండ్లివారు వచ్చి, కాఫీ త్రాగి, పిల్లను చూచి, గోడనుకూడ చూచి పోయిరి. సంబంధము కుదిరినది.

ప్రతి యుదయమును ఆమె వాకిలి చిమ్మిన తరువాత నేను పొడిచీపురు తీసికొని ఆ గోడ దులుపుచున్నాను. తెల్లని పొడి చేరెడు రాలుచున్నది. మొదట దోసెడు రాలెడిది. మేస్త్రీ మఱియొక వేసవి చూడుమనుచున్నాడు.